ఫిడేలు నుంచి మృదంగం దాకా... సర్ సి.వి. రామన్ నాద శోధన

విశాఖపట్నం: సర్ చంద్రశేఖర వెంకట రామన్ పేరు వినగానే ఎవరికైనా కాంతి గుర్తుకు వస్తుంది. ఏటా ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం పేరిట పాఠశాలల్లో చెప్పేది కూడా ఆ కాంతి కథే. అయితే నోబెల్ బహుమతి తెచ్చిన ఆ పరిశోధన కంటే ముందు ఆయన పదిహేనేళ్లకు పైగా ధ్వనిని శోధించారు. కమాను తగలగానే ఫిడేలు ఎందుకు పాడుతుంది? తంబూరా మీటితే అంతసేపు ఆ ఝుంకారం ఎక్కడి నుంచి వస్తుంది? తోలు బిగించిన మృదంగం శ్రుతిలో ఎలా నిలుస్తుంది? ఈ మూడు ప్రశ్నలకు ఆయన రాబట్టిన సమాధానాలు నేటికీ శాస్త్ర గ్రంథాల్లో చెల్లుబాటు అవుతున్నాయి. బాల్యంలో దాదాపు పదేళ్లు విశాఖలో గడిపిన ఈ మహనీయుని జీవితంలో మన జిల్లా వాసులకు సైతం అంతగా తెలియని అధ్యాయమిది.

వాద్యాలను నాలుగు కుటుంబాలుగా విభజించే పద్ధతి మనకు భరతముని నాట్యశాస్త్రం నాటి నుంచే ఉంది. తీగ కంపించి మోగేవి తత వాద్యాలు. గాలి ఊదితే పలికేవి సుషిర వాద్యాలు. తోలు మూసినవి అవనద్ధ వాద్యాలు. తాళం, ఘటం, గజ్జెల వంటి గట్టి పదార్థం తానే మోగితే అవి ఘన వాద్యాలు. దేనిలో కంపనం పుడుతుందన్న దానిపైనే ఈ విభజన ఆధారపడింది. ఆధునిక భౌతిక శాస్త్రం సైతం ఇంచుమించు ఇదే దారి పట్టింది. రామన్ ప్రయోగాల మొగ్గు ప్రధానంగా తీగల వైపు, తోలు వైపు సాగింది.

సాగర తీరాన బాల్యం

తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైకావల్‌లో 1888 నవంబర్ 7న రామన్ జన్మించారు. తల్లి పార్వతీ అమ్మాళ్. తండ్రి ఆర్. చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖలోని మిసెస్ ఏవీఎన్ కళాశాలలో గణిత, భౌతిక శాస్త్రాల అధ్యాపకుడిగా చేరడంతో కుటుంబమంతా ఇక్కడికి తరలివచ్చింది. బాలుడు సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండో ఏట మెట్రిక్యులేషన్, తండ్రి పనిచేసే కళాశాలలోనే చదివి పదమూడో ఏట ఎఫ్.ఏ. పూర్తిచేశారు. తోటి విద్యార్థులంతా మీసాలు మొలిచిన వారు కాగా మధ్యన ఈ పసివాడు కూర్చునేవారన్న మాట.

అయ్యర్‌కు ఫిడేలు వాద్యంలో ప్రవేశం ఉండేది. ఇంట్లో భౌతిక శాస్త్ర గ్రంథాలు, ఫిడేలు పక్కపక్కనే ఉండేవి. రామన్ అన్నగారు సుబ్రహ్మణ్య అయ్యర్ సైతం ఫిడేలు నేర్చి, తదనంతర కాలంలో దక్షిణాది సంగీత లక్షణంపై గ్రంథం రాశారు. 1983లో నోబెల్ అందుకున్న ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆయన కుమారుడే. ఇటువంటి ఇంట పెరిగిన బాలునికి స్వరం పాడుకునేందుకే కాదు, కొలిచి చూసేందుకు కూడా పనికివస్తుందని తోచడంలో వింత లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ. ఉత్తీర్ణులయ్యారు. రెండింటా అగ్రస్థానమే. ఆ చదువు రోజుల్లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ స్వర సంవేదనలపై 1863లో వెలువరించిన గ్రంథం ఆంగ్లానువాదం ఆయన కంటబడింది. తన జీవితాన్ని మలచిన మూడు పుస్తకాల్లో అది ఒకటని రామన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. ఒక వాద్యం స్వరం మరో వాద్యం స్వరం కంటే వేరుగా ఎందుకు వినిపిస్తుందో అందులో వివరణ ఉంది. మూల స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు వేగంతో కంపించే ఉపస్వరాలు కలిసే ఉంటాయి. వాటి పాళ్లు మారితే నాదం రంగు మారుతుంది. కూర ఒకటే అయినా తాలింపును బట్టి రుచి మారినట్లు.

పగలు లెక్కలు... రాత్రి తీగలు

ఆరోగ్యం అంతంత మాత్రం కావడంతో ఇంగ్లండ్ ప్రయాణం వద్దని మద్రాసు వైద్యుడు తేల్చిచెప్పారు. దేశంలో శాస్త్ర పరిశోధనకు ఉద్యోగాలు లేని రోజులవి. దిక్కుతోచక ఆర్థిక శాఖ పరీక్ష రాసి అందులోనూ ప్రథముడిగా నిలిచారు. 1907లోనే లోకసుందరిని వివాహమాడారు. తొలిసారి చూసినప్పుడు ఆమె వీణపై త్యాగరాజస్వామి తెలుగు కీర్తన వాయిస్తున్నారని జీవితచరిత్రకారులు చెబుతారు. ఉపశాఖ వేరైనా, కట్నం ప్రసక్తి లేకుండా ఈ పెళ్లి జరగడం ఆ కాలానికి పెద్ద విశేషమే.

అదే ఏడాది కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా కొలువులో చేరారు. కార్యాలయానికి ట్రాములో వెళుతుండగా బౌబజార్ వీధి 210 నంబరు భవనంపై ఒక బోర్డు కనిపించింది. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అది. ఉపకరణాలు దుమ్ము పట్టి ఉన్నాయి, పరిశోధకులు లేరు. సర్కార్ కుమారుడు అమృతలాల్ తాళాలు అప్పగించారు.

ఆనాటి నుంచి పదేళ్ల పాటు రామన్ దినచర్య ఒక్కటే. తెల్లవారుజామున ప్రయోగశాలకు చేరుకోవడం, తొమ్మిదిన్నర దాటాక ఇంటికి పరుగెత్తి నాలుగు మెతుకులు తిని కార్యాలయానికి వెళ్లడం, సాయంత్రం అయిదుకు అక్కడి నుంచి నేరుగా మళ్లీ ప్రయోగశాలకే రావడం. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదో పదో అయ్యేది. ఆదివారాలు పూర్తిగా అక్కడే. సాయానికి ఉన్నది ఆశుతోష్ దే అనే ఒకే ఒక్కరు. నడుమ రంగూన్‌కు, నాగపూర్‌కు బదిలీలైనా 1911లో తిరిగి కలకత్తా చేరారు.

డబ్బు లేని ప్రయోగశాలలో ధ్వనిని ఎంచుకోవడం తెలివైన నిర్ణయమని చెప్పాలి. ఒక తీగ, ఒక చెక్కపెట్టె, ఒక శ్రుతిదండం ఉంటే పని మొదలవుతుంది. 1909లోనే బైరాగుల చేతిలో కనిపించే ఏకతారపై ఆయన ఒక చిన్న పత్రం ప్రచురించారు. ఊరూరా తిరిగే భిక్షుకుని వాద్యం గణిత పత్రికకు ఎక్కడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

కమాను కిటుకు

రామన్ అందరికంటే ఎక్కువ కాలం వెచ్చించినది ఫిడేలు పైనే. చూసేవారికి కమాను లాగుతున్నప్పుడు తీగ మొత్తం విల్లులా అటూ ఇటూ ఊగినట్లు అనిపిస్తుంది. నిజానికి జరిగేది వేరు. రజను పూసిన కమాను వెంట్రుకలు తీగను అంటిపెట్టుకుని కాస్త దూరం లాక్కెళతాయి. బిగువు హెచ్చగానే తీగ జారి వెనక్కు దూకుతుంది. మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ జారుతుంది. ఇలా జారిన ప్రతిసారీ తీగపై ఒక మడత వంటి మూల బయలుదేరి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగు తీసి తిరిగి వస్తుంది. సెకనుకు 440 సార్లు కంపించే స్వరమైతే ఆ మూల సెకనుకు 440 చుట్లు తిరుగుతుంది. ఈ తీరును మొదట కనుగొన్నది హెల్మ్‌హోల్ట్జే. కానీ ఆయన చూపింది ఒక్క తీరునే. కమాను స్థానం మారినా, ఒత్తిడి మారినా ఎన్నెన్ని రకాల కదలికలు సాధ్యమో, ఏవి ఎప్పుడు పుడతాయో లెక్కగట్టి, ఛాయాచిత్రాలు తీసి నిరూపించింది రామన్.

సన్నని తీగ గాలిని కోసుకుపోతుందే తప్ప తోయలేదు. అందుకే తీగ ఒక్కటే ఉంటే గది చివర కూర్చున్న వారికి వినిపించదు. కంపనం గుర్రం మీదుగా దిగి ఫిడేలు పొట్టకు చేరితే, ఆ పలుచని చెక్క పెద్ద విస్తీర్ణంలో గాలిని కదిలిస్తుంది. మనం వినేది ఆ చెక్క పాటను. వీణకు కుండ, తంబూరాకు బుర్ర చేసే పని కూడా ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చెక్కకు సైతం తనదైన శ్రుతి ఉంటుంది. తీగ స్వరం సరిగ్గా దానితో కలిసినప్పుడు, ముఖ్యంగా చెల్లో వంటి పెద్ద వాద్యాల్లో, స్వరం నిలవక తోడేలు మూలిగినట్లు వణుకుతుంది. పాశ్చాత్య వాద్యకారులు దానికి తోడేలు స్వరమనే పేరు పెట్టారు. పొట్ట విపరీతంగా ఊగి తీగ శక్తిని లాగేసుకుంటుంది. దానితో తీగను పట్టి ఉంచేందుకు కమాను ఒత్తిడి చాలదు, తీగ పై స్థాయికి జారిపోతుంది. పొట్ట శాంతించాక మూల స్వరం తిరిగి వస్తుంది, మళ్లీ కథ మొదటికి. ఈ చక్రాన్ని రామన్ 1916లో విడమరచి చెప్పారు.

మనిషి చేతి ఒత్తిడి ప్రతి లాగుకూ మారుతుంది కనుక కొలత నిలవదు. అందుకు ఆయన ప్రయోగశాలలోనే ఒక యంత్రం కూర్చారు. అందులో కమాను కదలదు, ఫిడేలే పట్టాలపై ముందుకూ వెనక్కూ సమవేగంతో కదులుతుంది. కమానును తక్కెడలా తూచి బరువు పెంచుతూ, తగ్గిస్తూ స్వరం చెడకుండా నిలిచేందుకు కావలసిన కనీస ఒత్తిడి ఎంతో లెక్కించారు. కమాను గుర్రానికి దగ్గరయ్యే కొద్దీ ఒత్తిడి బాగా పెంచాలి, వేగం పెంచినా అంతే. ఫిడేలు గురువులు శిష్యుల చేతిపై కొట్టి నేర్పే పాఠం 1920 నాటికి అంకెలుగా కాగితం మీదికి వచ్చింది. పియానో సుత్తి తీగను తాకే ఆ క్షణంలో ఏమవుతుందన్న దానిపైనా శిష్యులతో కలసి ఇదే కాలంలో పరిశోధించారు.

ఈ మధ్యలో 1917లో ఒక మలుపు వచ్చింది. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్ ఆశుతోష్ ముఖర్జీ పాలిత్ ఆచార్య పీఠానికి రామన్‌ను ఎంపిక చేశారు. జీతం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైగా విదేశాల్లో శిక్షణ పొంది రావాలన్న నిబంధన ఉంది. జీతం సంగతి ఆయన లెక్కచేయలేదు. నిబంధనకు మాత్రం ససేమిరా అన్నారు. చివరికి నిబంధనే సడలింది. ఆర్థిక శాఖలో అత్యున్నత పదవి వరకు తేలిగ్గా ఎదగగల ముప్పయ్యేళ్లు నిండని అధికారి ఉద్యోగం వదిలి తీగలు మీటుకుంటానంటే, ఆనాడు బంధువర్గం ఏమనుకుని ఉంటుందో ఊహించవచ్చు.

జీవం పోసే నూలుపోగు

ఫిడేలుపై 1918లో గ్రంథం వెలువరించిన రామన్ తర్వాత మన వీణ, తంబూరాల వైపు దృష్టి మళ్లించారు. మీటే తీగలకు యూరప్ శాస్త్రజ్ఞులు ఒక సూత్రం చెప్పారు. తీగను ఏ బిందువు వద్ద మీటుతామో, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన ఉపస్వరం ఆ నాదంలో వినిపించదు. ఉదాహరణకు సరిగ్గా నడిమధ్య మీటితే రెట్టింపు స్వరం పుట్టరాదు.

రామన్ చేసిన పరీక్ష తంబూరా ఉన్న ఏ ఇంట్లోనైనా చేసి చూడదగినంత సులువు. నడిమధ్య మీటి, వెంటనే అదే చోట వేలు మెల్లగా ఆనించాలి. సూత్రం ప్రకారం తీగ మూగబోవాలి. తంబూరా, వీణ మాత్రం మూగబోవు. పుట్టకూడదన్న ఆ రెట్టింపు స్వరమే స్పష్టంగా మోగుతుంది.

రహస్యమంతా గుర్రంలో ఉంది. ఫిడేలు గుర్రం అంచు సన్నన, తీగ ఒక్క చోటనే ఆనుతుంది. వీణ గుర్రం వెడల్పు, దాని పైనున్న లోహపు రేకుకు సన్నని వంపు ఉంటుంది. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును రాసుకుంటూ ఆనే చోటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. తంబూరాలో ఈ పనిని తీగకూ గుర్రానికీ మధ్య దూర్చే జీవ అనే నూలుపోగు చేస్తుంది. ఆ పోగును వెంట్రుకవాసి జరిపితే చాలు, తీగ గుర్రాన్ని తాకీ తాకని స్థితికి వచ్చి నాదం విచ్చుకుంటుంది. పోగు తీసేస్తే తంబూరా మామూలు తీగ వాద్యంలా వెలవెలబోతుంది. ప్రతి కంపనంలోనూ తీగ గుర్రానికి చిన్న చిన్న తాకిడులు ఇస్తూ ఉపస్వరాలన్నిటినీ మేల్కొల్పుతుందని 1921లో ప్రచురించిన పత్రంలో రామన్ వివరించారు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసే పనివారు గుర్రం రేకును అరగదీసి, మీటి, విని, మళ్లీ అరగదీసే శ్రమ వెనుక ఉన్నది ఈ సూత్రమే. వారు దాన్ని చెవితో పట్టుకున్నారు, రామన్ కొలతతో పట్టుకున్నారు.

తోలుపై ఇసుక

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. రెండు వైపులా దెబ్బలు తినే ఆ మద్దెలకు శాస్త్రలోకంలోనూ చాలా కాలం న్యాయం జరగలేదు. గుండ్రంగా బిగించిన మామూలు తోలును కొడితే వచ్చే ఉపస్వరాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30, 2.65, 2.92 రెట్లుగా ఉంటాయి. ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే డప్పు దరువుకు దిట్టగానీ దానిపై సరిగమలు పలకవు. తోలు వాద్యాలు చప్పుడుకే తప్ప స్వరానికి పనికిరావని పాశ్చాత్యులు తీర్మానించుకున్నారు.

మృదంగం ఆ తీర్మానాన్ని ఎన్నడో తోసిపుచ్చింది. కుడి మూత నడుమ కనిపించే నల్లటి కరణే అందుకు మూలం. అన్నం ముద్దలో ఇనుము పాలున్న నల్లరాతి పొడి కలిపి నూరి, పలుచని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ రాతితో రుద్ది ఆరబెడతారు. నడుమ మందం, అంచుకు పోయే కొద్దీ పలుచన. ఈ బరువు వల్ల తోలు కంపనాల వేగం మారి, ఉపస్వరాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు రెట్ల వరుసలోకి వస్తాయి. శివకాళీ కుమార్‌తో కలిసి రామన్ ఈ సంగతిని 1920లో నేచర్ పత్రికలో ప్రకటించారు.

పూర్తి వివరణ 1934లో వచ్చింది. తోలుపై సన్నని ఇసుక చల్లి వాయిస్తే, కదలని రేఖల వెంబడి ఇసుక పోగుపడుతుంది. ఆ ముగ్గులను చూసి తోలు తొమ్మిది తీరులుగా కంపిస్తుందని, ఆ తొమ్మిదీ అయిదు స్వరాలుగానే వినిపిస్తాయని ఆయన తేల్చారు. మొదటి స్వరానికి ఒక తీరు, రెండో దానికి ఒకటి, మూడు, నాలుగింటికి రెండేసి, అయిదో దానికి మూడు. మృదంగ విద్వాంసుడు ఏ వేలు ఎక్కడ ఆనించి ఎక్కడ కొడితే ఏ స్వరం తేలుతుందో ఈ పటంతో బోధపడింది. అంచు చుట్టూ ఉండే రెండో తోలు వలయం సైతం అలంకారం కాదు, అంతకు పైనున్న పొసగని స్వరాలను అది అణచివేస్తుంది. ఎడమ మూతకు కచేరీకి ముందు అద్దే రవ్వ ముద్ద పని స్వరాన్ని కిందికి దింపడం.

యూరప్ గణిత శాస్త్రం సాధ్యం కాదన్న దాన్ని ఈ దేశపు చేతిపనివారు సాధించారని రామన్ బాహాటంగా ప్రశంసించారు. ఆ పనివారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఆ లోటు శాస్త్రానిది కాదు, మన సమాజానిదే.

సముద్రం మళ్లించిన దారి

1921లో విశ్వవిద్యాలయాల మహాసభ కోసం రామన్ తొలిసారి ఇంగ్లండ్ వెళ్లారు. లండన్ సెయింట్ పాల్ చర్చి గుమ్మటంలో ఒక గోడ వద్ద గుసగుసలాడితే ఎదుటి గోడ వద్ద వినిపించడం చూసి అక్కడ కూడా ప్రయోగాలు చేశారు. స్వదేశానికి వచ్చాక బీజాపూర్ గోల్ గుంబజ్‌నూ పరిశీలించారు. కానీ ఆ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు ఆయన్ను మరో దారికి మళ్లించింది. కాంతి ద్రవాల్లో చెదిరే తీరుపై పని మొదలైంది. 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్. ఈ కథ అందరికీ తెలిసిందే.

నాదం ఆయన్ను పూర్తిగా వదలలేదు. 1927లో జర్మనీలో వెలువడిన భౌతిక శాస్త్ర మహాసంపుటం ఎనిమిదో భాగంలో వాద్యాలు, వాటి ధ్వనులపై అధ్యాయం రాసింది ఆయనే. అయితే ఫిడేలుపై 1918 గ్రంథానికి మొదటి భాగమని పేరు పెట్టినా, రెండో భాగం ఎన్నడూ వెలువడలేదు. కాంతి వల్ల లోకానికి కలిగిన లాభం ముందు ఇది చిన్న నష్టమే కావచ్చు గానీ, సంగీత ప్రియులకు మాత్రం చిన్నది కాదు.

1933లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి భారతీయ డైరెక్టరుగా వెళ్లారు. పొరపొచ్చాలు వచ్చి 1937లో ఆ పదవిని వీడి ఆచార్యుడిగా కొనసాగారు. 1948లో సొంత పరిశోధన సంస్థను నెలకొల్పారు. కలకత్తాలో ఆయన వద్ద పనిచేసిన కృష్ణా జిల్లా వాసి సూరి భగవంతం విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్ర ఆచార్యుడిగా సేవలందించడంతో ఈ ఊరికి ఆ పరంపర మరో విధంగా తిరిగి వచ్చినట్లయింది. 1954లో భారతరత్న లభించింది.

1970 నవంబర్ 21న బెంగళూరులో రామన్ కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు సంస్థ తోటలోనే దహన సంస్కారం జరిగింది. ఆ స్థలంలో సమాధి కట్టలేదు, ఒక చెట్టు నాటారు.